కవాటం చప్పుడు

జనవరి

ఆ గదిలో ఉన్నవాళ్లు: నేను, అమ్మ, నాయిన, గుండె డాక్టరు, తలుపు దగ్గర మా తర్వాతి పేషెంటు ఫైలు పట్టుకుని నిలబడ్డ నర్సు. ఉన్న వస్తువులు: ఎకో మెషిను, దాని పక్కన ఎత్తు మంచం, ఛాతీ మీద రాసిన చల్లటి జెల్ తుడుచుకోమని ఇచ్చిన కాగితాలు, మా ముగ్గురికి కలిపి రెండు కుర్చీలు, బల్ల మీద ఊడదీసి మళ్లీ బిగించగల ప్లాస్టిక్ గుండె ఒకటి. ఆ గుండెలో ఒక ముక్క తక్కువ.

తక్కువని కనిపెట్టింది నాయిన. ఆయన బోరు మోటార్లు రిపేరు చేస్తాడు. తెరుచుకునే వస్తువు ఎదురుగా ఉంటే తెరవకుండా ఉండలేడు.

"సార్, దీంట్ల ఒక పీసు లేదు," అన్నాడు గుండెను అటూ ఇటూ తిప్పుతూ.

"ఎక్కడో పోయిందండీ," అన్నాడు డాక్టరు. "మీ అబ్బాయికి అన్నీ ఉన్నాయి. ఒకటి సరిగా తెరుచుకోవట్లేదు. అంతే."

నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో ఇంజనీరింగ్ పిల్లలకు ఫ్లూయిడ్ మెకానిక్స్ చెబుతాను. క్లాసు మూడో అంతస్తులో, లిఫ్టు లేదు. అంతకుముందు ఏడాదిగా మెట్రో మెట్ల దగ్గర ఒకసారి, సెంటర్ మెట్ల దగ్గర రెండుసార్లు ఆగి, ఫోను చూస్తున్నట్టు నటించి ఊపిరి తీసుకునేవాడిని. దుమ్ము అనుకున్నాను, బరువు పెరిగాననుకున్నాను. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడక దిండు మీద దిండు వేసుకోవడం మొదలైన తర్వాత ఇంక అనుకోవడానికి ఏమీ మిగల్లేదు.

డాక్టరు చిన్నప్పటి జ్వరాల గురించి అడిగాడు. అమ్మ వెంటనే చెప్పింది. నల్గొండ దగ్గర మా ఊళ్లో ఉన్నప్పుడు గొంతునొప్పి, జ్వరం, ఆ తర్వాత మోకాళ్లు, మణికట్లు ఒకదాని తర్వాత ఒకటి వాచాయి. ఎదిగే పిల్లవాడి నొప్పులని అందరూ అన్నారు. కీళ్ల వాపు తగ్గిపోయింది. గుండె కవాటం మీద మాత్రం మచ్చ మిగిలి, అన్నేళ్లుగా మెల్లగా గట్టిపడుతూ వచ్చింది.

గుండె సంగతి నాకు తెలుసనుకునేవాడిని. పదో తరగతి బొమ్మ: నాలుగు గదులు, ఒక పక్క ఎరుపు, ఒక పక్క నీలం. ఆ రోజు తర్వాత దాన్ని నా భాషలో మళ్లీ నేర్చుకోవాల్సి వచ్చింది. అది పిడికిలంత గుల్లలో పక్కపక్కనే ఉన్న రెండు పంపులు. కుడి పంపు రక్తాన్ని పక్కనే ఉన్న ఊపిరితిత్తుల దాకా తోస్తే చాలు కాబట్టి దాని గోడ పల్చన. ఎడమ పంపు అరికాలి దాకా, తల దాకా తోయాలి. దాని గోడ మందం. పై గదులు రక్తాన్ని తీసుకుంటాయి, కింది గదులు తోస్తాయి. దారిలో నాలుగు కవాటాలు, ఒకే వైపు తెరుచుకునే తలుపులు. వాటికి స్ప్రింగు లేదు, మోటారు లేదు. రక్తం ముందుకు తోస్తే తెరుచుకుంటాయి, వెనక్కి తోస్తే మూసుకుంటాయి. ఎడమ పై గదికీ కింది గదికీ మధ్య ఉన్నదానికి రెండు రెక్కలు. ఆ రెక్కల అంచుల నుంచి సన్నటి తాళ్లు దిగి కింద గోడలోని కండకు కట్టి ఉంటాయి, గాలికి గొడుగు తిరగబడకుండా పుల్లలు పట్టుకున్నట్టు.

నాకు చెడింది ఆ తలుపే. రెక్కలు అంచుల దగ్గర అతుక్కుపోయి, సందు చొక్కా కాజా అంత అయింది. పై గదిలో నిలిచిపోయిన రక్తం వెనక్కి ఊపిరితిత్తుల మీద ఒత్తుతోంది. మెట్లెక్కితే గుండె వేగం పెరుగుతుంది. వేగం పెరిగితే రెండు దెబ్బల మధ్య ఖాళీ తగ్గి, ఆ కాజాలోంచి కిందికి దిగే రక్తం ఇంకా తగ్గుతుంది. మెట్ల దగ్గర నేను ఆగిపోవడానికి కారణం ఇది. క్లాసులో చెప్పాల్సి వస్తే ఐదు నిమిషాల పాఠం.

"సార్, బోరుల ఫుట్‌వాల్వు జామైతే మేం తీసి, కడిగి, మళ్ల ఏస్తం," అన్నాడు నాయిన. "గట్ల కాదా?"

"కొందరికి బెలూన్ పెట్టి తెరుస్తామండీ. మీవాడిది సున్నం పట్టినట్టు గట్టిపడింది. మార్చాల్సిందే."

"కొత్తది ఎన్నొద్దులు నడుస్తది?"

"లోహపుది వేస్తే ఇతని జీవితాంతం నడుస్తుంది."

"మరింకేంది బాధ?"

"రక్తానికి అది పరాయి వస్తువు. దాని మీద గడ్డకడుతుంది. కట్టకుండా రోజూ మాత్ర వేసుకోవాలి, బతికినన్నాళ్లూ."

అమ్మ అంతసేపూ నా చొక్కా పట్టుకుని కూర్చుంది. లేచేటప్పుడు ఒక్కటే అడిగింది. "తిండి సార్?"

"ఇంటి తిండేనమ్మా. ఆకుకూరల దగ్గర మాత్రం జాగ్రత్త. వాటిలో ఉండే విటమిను ఆ మాత్రకు ఎదురు పనిచేస్తుంది."

ఆ మాట అమ్మ కొంగున ముడేసుకుంది.

మార్చి

ఆపరేషన్‌కు ముందు ఎక్కువగా చేసింది కూర్చోవడం. ఆసుపత్రి కింద హాల్లో కుర్చీలు ఇనుపవి, వరుసకు ఐదు, ఒకరు లేస్తే మిగతా నలుగురూ ఊగుతారు. టీవీలో వంటల కార్యక్రమం, శబ్దం లేకుండా. అందరి ఒళ్లోనూ ఒకే రంగు ఫైళ్లు. మొదటి రోజు కుర్చీ దొరికితే సంతోషం. తర్వాత తర్వాత గోడ పక్క కుర్చీ దొరికితేనే సంతోషం, తల ఆనించుకోవచ్చు కాబట్టి.

నాయిన తిరుగుతూ ఉండేవాడు. అమ్మ ఎవరితోనైనా మాట కలిపేది. అట్లా తుర్కయంజాల్ నుంచి వచ్చిన ఒకావిడ పరిచయమైంది. ఆమె భర్తకు ఆపరేషన్ అయిపోయి ఇంటికి పంపిస్తున్నారు. పోయే ముందు ఆమె సంచిలోంచి పాత చీరతో కుట్టిన చిన్న దిండు తీసి నా ఒళ్లో పెట్టింది.

"దగ్గొచ్చినప్పుడు దీన్ని రొమ్ముకు గట్టిగ అదుముకో తమ్మి. ఎముక కోసిన కాడ విచ్చుకపోతదేమో అన్నట్టుంటది. మా ఆయనకిది లేకుంటే పానమే పోతుండె."

"మరి మీకు?"

"నాకు చీరెలు తక్కువనా? ఇంకోటి కుట్టుకుంటం."

ఆమె పేరు అడగలేదు. ఆ దిండు ఇప్పటికీ నా మంచం మీద ఉంది.

ఆపరేషన్ గురించి రాయడానికి నా దగ్గర ఏమీ లేదు. ఒక పైకప్పు లైటు, తర్వాత ఇంకో పైకప్పు లైటు. మధ్యలో నా గుండెను ఆపి, ఆ పనిని ఒక యంత్రానికి అప్పజెప్పారు. లేచాక తెలిసినవి దాహం, గొంతులో గొట్టం, రొమ్ము మీద బండరాయి. మళ్లీ గుండెను ఎట్లా నడిపించారని నాయిన డాక్టర్ని అడిగాడట. గుండెకు కావలసిన కరెంటు పై గది గోడలోనే పుడుతుంది, బయటి నుంచి తీగ అక్కర్లేదు. "మేం ఆపామండీ. అదే మొదలుపెట్టుకుంది," అన్నాడట డాక్టరు. నాయిన ఆ మాట ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ చెప్పాడు, కొడుక్కి ర్యాంకు వచ్చినట్టు.

నాకు ముందుగా వినిపించింది చప్పుడు. టిక్. టిక్. పక్క మంచం దగ్గర ఏదో మెషిను అనుకున్నాను. ఊపిరి బిగబడితే ఇంకా బాగా వినిపించింది. అప్పుడు అర్థమైంది, అది నా లోపలిది. లోహపు రెక్కలు రెండూ మూసుకునే చప్పుడు.

ఏప్రిల్ నుంచి జూన్

మా ఇల్లు ఎల్బీనగర్‌లో కిరాయికి తీసుకున్న పై అంతస్తు. ఫ్యాను ఆపితే నా చప్పుడు గది అవతలికి వినిపించేది. మొదటి వారం నాకు పిచ్చెక్కింది. చెయ్యి అడ్డం పెట్టుకుంటే ఆగేది కాదు, పక్కకు తిరిగితే దిండులోంచి వచ్చేది. నాయిన దానికి గడియారం అని పేరు పెట్టాడు.

"మనింట్ల టైం తప్పు అనేదే లేదిగ," అనేవాడు.

అమ్మ మాత్రం ఎప్పుడూ ఎగతాళి చెయ్యలేదు. బియ్యంలో రాళ్లేరుకునేందుకు, కూరగాయలు తరుక్కునేందుకు చాట, కత్తిపీట తెచ్చి నా మంచం పక్కన కూర్చునేది. వంటింట్లో కూర్చోవచ్చు కదా అంటే "ఈడ గాలొస్తది" అనేది. గాలి వంటింట్లోనే ఎక్కువ.

రక్తం గడ్డకట్టడానికి ఎంత ఆలస్యమవుతుందో చెప్పే అంకె ఒకటుంది. మామూలు మనిషికి ఒకటి దగ్గర ఉంటుంది. నాకు రెండున్నరకూ మూడున్నరకూ మధ్య ఉండాలి. పైకి పోతే ఎక్కడైనా రక్తం కారవచ్చు. కిందికి పోతే కవాటం మీద గడ్డ. ఆ సందులోనే నేను బతకాలి. మొదట్లో వారానికోసారి పరీక్ష చేసి మాత్ర పెంచుతూ తగ్గిస్తూ ఉన్నారు. చివరికి ఒక మోతాదు కుదిరింది. ఇక నెలకోసారి చాలన్నారు.

కుదిరింది దేని మీదంటే, అమ్మ పథ్యం మీద. డాక్టరు జాగ్రత్త అన్నాడు. అమ్మ పూర్తిగా మాన్పించింది. పాలకూర, తోటకూర, గోంగూర, మెంతికూర మా గడప తొక్కలేదు. చివరికి చారులో కొత్తిమీర కూడా లేదు.

"ఏందిది? వేన్నీళ్లా, చారా?" అన్నాడు నాయిన ఒకరోజు.

"కొడుకు కన్న కొత్తిమీర ఎక్కువైందా నీకు?"

"నా గిన్నెల ఏస్తే వాని నోట్లెకు పోతదా?"

"ఒకే ఇల్లు, ఒకే చారు. తింటే తిను."

జూన్‌లో మళ్లీ క్లాసుకు వెళ్లాను. సెంటర్ వాళ్లు నా క్లాసును మొదటి అంతస్తుకు మార్చారు. పరీక్ష పెట్టిన రోజు అందరూ నిశ్శబ్దంగా రాస్తుంటే ముందు బెంచీ అమ్మాయి తలెత్తింది.

"సార్, ప్లీజ్, మీరు జర వెనక్కి పోయి నిలబడండి. టైం అయిపోతున్నట్టే అనిపిస్తుంది."

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. కానీ అలసట మాత్రం పోలేదు. ఉదయం లేచేటప్పటికే సాయంత్రం అయినట్టు ఉండేది. మొహం పాలిపోయి ఉందని అమ్మ రోజూ అనేది.

జూలై

మా ఇంటి ఓనరు వరలక్ష్మి గారిది గుంటూరు వైపు. కింది అంతస్తులో ఉంటారు. ఆపరేషన్ రోజుల్లో మాకు రెండు పూటలా కాఫీ ఫ్లాస్కు పంపించిన మనిషి. వాళ్ల గేటు పక్కన మునగ చెట్టు ఉంది. ఆషాఢం వచ్చిందంటే దాని కొమ్మలు విరిచి వీధి వీధంతా పంచుతారు. ఆ నెలలో మునగాకు తినాలన్నది వాళ్లకూ మాకూ ఉన్న ఆచారమే.

తర్వాత అమ్మ చెప్పిన ప్రకారం, గేటు దగ్గర మాటలు ఇట్లా నడిచాయి.

"యాదమ్మ గారూ, ఈసారి మీరు తీసుకోలేదేంటండీ? అబ్బాయికి పెట్టండి. మొహంలో రక్తం లేదు పిల్లాడికి."

"ఆకుకూరలు ఒద్దన్నరు అక్కా."

"ఇది కూర కోసం కాదండీ, ఆషాఢం కదా. ఎంత మంచిదో! మా అత్తగారైతే మందులా తినిపించేవారు మా అందరిచేతా."

అమ్మకు అది నిజమే అనిపించింది. మా ఊళ్లో కూడా మునగాకు బజారులో కొనే కూర కాదు, తోటకూర పక్కన పెట్టేదీ కాదు. ఆషాఢంలో ఇంట్లో అందరికీ తప్పనిసరిగా పెట్టేది, అంతే. బాలింతలకు, నీరసంగా ఉన్నవాళ్లకు అమ్మమ్మ ఇచ్చేది. డాక్టరు వద్దన్నది కూర. ఇది ఒంట్లో రక్తం పట్టడానికి.

పచ్చిది తింటే నాకు చేదు అని అమ్మకు తెలుసు. నీడన ఆరబెట్టి, వేయించి, ఎండుమిర్చి, వెల్లుల్లి వేసి పొడి చేసింది. నాలుగు నెలలుగా చప్పిడి తిన్న నాలుక. వేడన్నంలో ఆ పొడి, నెయ్యి వేసుకుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంటే కళ్లలో నీళ్లొచ్చాయి. కరివేపాకు పొడి అనుకున్నాను, అడగలేదు. మధ్యాహ్నం అన్నంలో, రాత్రి రొట్టెలో. ఆషాఢం పొడుగునా తిన్నాను; ఆ నెల రక్తపరీక్ష పొడి మొదలవకముందే అయిపోయింది. అంతకుముందు ఆకు అన్నదే ఎరగని ఒంటికి, ఆకు లేని తిండిని బట్టి కుదిర్చిన మాత్రకు, ఆ పొడి ఎంత బరువో మాకెవరికీ తెలియదు.

మెట్లు మళ్లీ పెద్దవయ్యాయి. మెట్రో స్టేషన్లో సగం దూరం ఎక్కి ఫోను చూసుకోవడం మళ్లీ మొదలైంది. వర్షాలకు ఒళ్లు బరువనుకున్నాను. అలసట అప్పటికి నాకు ఇంటిపేరులాంటిది. కొత్తగా వచ్చిందో పాతదో పోల్చుకోలేకపోయాను.

ఇంట్లో వాళ్లు పోల్చుకునే వీలు లేకపోవడానికి ఇంకో కారణం ఉంది. మా వీధిలో బోనాలు. గల్లీ మొదట్లో మైకు కట్టారు, వాకిలి ముందు డప్పులు. మేం ఒకరితో ఒకరం సైగలతో మాట్లాడుకున్నాం. పండగైపోయింది. సోమవారం మధ్యాహ్నానికి మైకు విప్పుకుపోయారు. నేను మంచం మీద ఉన్నాను. అమ్మ చాట తెచ్చుకుని ఎప్పటిలాగే పక్కన కూర్చుంది. కాసేపు బియ్యం చెరిగింది. తర్వాత చాట కింద పెట్టింది.

"నరేశా, నీ సప్పుడు ఏది బిడ్డా?"

"ఏం సప్పుడే?"

"నీ గడియారం. ఇనవడ్తలేదు."

లేచి ఫ్యాను ఆపింది. వచ్చి నా రొమ్ము మీద చెవి పెట్టింది. ఆమె జుట్టులో కొబ్బరినూనె వాసన. చాలాసేపు లేవలేదు.

"ఉన్నది. కని మంచిగ లేదు. బొంత కింద పెట్టినట్టున్నది."

నాయిన్ని పిలిచింది. మోటారు లోపల బేరింగు ఎట్లా తిరుగుతుందో వినడానికి నాయిన పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన మోటారుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుంటాడు. అలవాటుగా దాన్నే పట్టుకొచ్చాడు. నా మంచం దగ్గర ఆగి దానివైపు చూసుకుని, పక్కన పడేసి, తన చెవే పెట్టాడు. లేచి చెప్పులు తొడుక్కున్నాడు. ఆటో పిలవడానికి కిందికి పోయాడు.

ఆ వారం

అంకె ఒకటిన్నర కూడా లేదు.

కదిలే ఎక్స్‌రే తీశారు. తెర మీద నా కవాటం కనిపించింది: నల్లటి ఉంగరం, అందులో రెండు సన్నటి గీతలు. ఆ గీతలే రెక్కలు. గుండె కొట్టుకున్నప్పుడల్లా రెండూ ఒకేసారి తెరుచుకుని మూసుకోవాలి. ఒకటి కదులుతోంది. రెండోది వాలుగా అట్లాగే నిలబడి ఉంది. ఎవరూ చెప్పక్కర్లేదు. ఆరేళ్లుగా బోర్డు మీద నేను గీస్తున్న వాల్వు బొమ్మే.

"ఏం తిన్నావయ్యా?" అన్నాడు డాక్టరు.

నేను చెప్పేలోపు అమ్మ అందుకుంది. "ఏం పెట్టలె సార్. ఒక్కనాడు ఆకుకూర ముట్టనియ్యలె. కొత్తిమీర సుత ఎయ్యలె చారుల."

"ఇంకేదైనా? పసరు, నాటుమందు?"

"మందులేం లెవ్వు సార్. మునగాకు పొడి ఒక్కటి. ఆషాఢం గదా."

డాక్టరు పెన్ను మూత పెట్టాడు. "రోజూనా?"

"రోజూ," అంది అమ్మ. అన్న తర్వాత ఆయన మొహం చూసింది. ఆ చూపు నేను రాయలేను.

ఉన్న దారులు రెండే అన్నాడు డాక్టరు. గడ్డను కరిగించే మందు మెల్లగా ఎక్కించడం. కరిగేటప్పుడు ముక్క విడిపోయి మెదడుకు పోతే పక్షవాతం రావచ్చు. అది పనిచెయ్యకపోతే రొమ్ము మళ్లీ తెరవడం. ముందు మందుతో చూద్దామన్నాడు. నేను తలూపాను. చీర దిండు ఇంట్లో మరిచిపోయి వచ్చామని ఆ క్షణంలో గుర్తొచ్చింది. దాని గురించే ఆలోచిస్తూ సంతకం పెట్టాను.

మందు ఎక్కుతున్నంతసేపూ నన్ను నేను పరీక్షించుకుంటూ ఉన్నాను. కుడి చెయ్యి లేపడం, ఎడమ చెయ్యి లేపడం, నా పేరు, సెంటర్ పేరు, ఎల్బీనగర్ నుంచి మూసారాంబాగ్ దాకా మెట్రో స్టేషన్ల పేర్లు వరసగా. నర్సు విని, "మలక్‌పేట కూడా చెప్పండి సార్, మా ఇల్లక్కడే," అంది. తర్వాత నా దగ్గరికి వచ్చినప్పుడల్లా ఆమె స్టేషన్లు అప్పజెప్పించుకునేది. నవ్వించడానికో, మాట తడబడుతుందేమో చూడటానికో. రెండూ అయ్యుంటాయి.

బయట హాల్లో జరిగింది నాకు వరలక్ష్మి గారు తర్వాత చెప్పారు. నాయిన అందరి ముందూ అమ్మ మీద అరిచాడు.

"చదువు లేకుంటే లేదు, చెవులు సుత లేవా నీకు? డాక్టరు ఒద్దన్నదే పెడ్తివి. చేతులార పెడ్తివి."

వరలక్ష్మి గారు అడ్డం వచ్చి, "అన్నయ్య గారూ, ఇచ్చింది నేనండీ. తిడితే నన్ను తిట్టండి," అని ఏడ్చారట. ఆ తర్వాత నాయిన హాల్లో ఈ చివర, అమ్మ ఆ చివర కూర్చున్నారు. వరలక్ష్మి గారు తెచ్చిన ఇడ్లీలు ఇద్దరూ ముట్టలేదు.

మర్నాడు మళ్లీ తెర ముందు పడుకోబెట్టారు. రెండో గీత కొద్దిగా వణికింది. మందు కొనసాగించారు. ఆ మర్నాడు మళ్లీ చూశారు. గీత సగం తెరుచుకుంది, ఒక దెబ్బ ఆగింది, తర్వాత పూర్తిగా తెరుచుకుంది. మూసుకుంది. మళ్లీ తెరుచుకుంది. టెక్నీషియన్ "వచ్చేసింది సార్" అన్నాడు, బస్సు వచ్చినట్టు.

డాక్టరు బయటికి వచ్చి మావాళ్లకు చెబుతున్నప్పుడు నా స్ట్రెచర్ తలుపులోనే ఉంది. చెప్పడం అయిపోయాక ఆయన అడిగాడు. "చప్పుడు తగ్గిందని మొదట కనిపెట్టింది ఎవరు?"

నేనే అన్నాను, "అమ్మ," అని.

"ఇంకో రెక్క కూడా ఆగేదాకా ఉంటే..." అని డాక్టరు నాయిన వైపు చూశాడు. తర్వాతి పేషెంటు దగ్గరికి వెళ్లిపోయాడు.

నాయిన క్యాంటీనుకు పోయి టీ తెచ్చి అమ్మ ముందు పట్టుకున్నాడు.

"తాగు. సల్లారిపోతది."

అమ్మ తీసుకుంది. తాగలేదు. నా దగ్గరికి వచ్చి, నర్సు వద్దంటున్నా వంగి, చెవి పెట్టింది.

"నడుస్తున్నది," అంది.

ఆగస్టు, సెప్టెంబర్

ఇంటికొచ్చాక అమ్మ పొయ్యి ముట్టలేదు. చెబుతున్నాను కదా, జబ్బులో కష్టమైన భాగం మీరనుకున్న చోట ఉండదు. "నా చెయ్యి వానికి అచ్చిరాలె," అనేది. నాయిన వండాడు. ఆయన పప్పులో ఉప్పు ఒకరోజు లేదు, మరుసటి రోజు రెండు రోజులదీ కలిపి ఉంది. వరలక్ష్మి గారు క్యారియర్ పంపితే అమ్మ అది తెరిచి, వాసన చూసి, ప్రతి గిన్నె పేరూ ఆమెతో ఫోనులో చెప్పించుకుని, అప్పుడు నాకు పెట్టేది. మునగ చెట్టు కొమ్మలన్నీ వరలక్ష్మి గారు కొట్టించేశారు. వద్దని ఎంత చెప్పినా వినలేదు.

తర్వాత డాక్టరుకు చూపించుకోవడానికి వెళ్లేటప్పుడు అమ్మను బలవంతంగా తీసుకెళ్లాను. డాక్టరు ఆమెనే కూర్చోబెట్టి చెప్పాడు.

"అమ్మా, అసలు పూర్తిగా మాన్పించమని నేను అనలేదు. ఆకు అస్సలు లేని ఒంటికి కొంచెం తగిలినా అంకె పడిపోతుంది. ఎప్పుడూ కొంచెం ఉండాలి. మానొద్దు, మార్చొద్దు. వారంలో ఒక రోజు, ఒక గిన్నె. ప్రతి వారం అదే రోజు, అదే గిన్నె. దాన్ని బట్టి మాత్ర నేను సరిచేస్తాను."

"పెట్టమంటున్నరా?"

"పెట్టమంటున్నాను."

"నన్నేనా?"

"ఇంకెవర్ని? మీ ఆయన వంట గురించి మీవాడు చెప్పాడు. అది తింటే నేను గ్యారంటీ ఇవ్వలేను."

అమ్మ నవ్వలేదు గానీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మరి మునగాకు?"

"తప్పేం లేదు, కొలతలో ఉంటే. కానీ నాకే భయమేస్తోంది. పాలకూర పెట్టండి."

ఇది చదువుతున్న వాళ్లలో ఇట్లాంటి కవాటంతో ఇంటికి పోతున్నవాళ్లు ఉంటే చెప్పదలచుకున్నది ఇదే. ఏం తినొద్దని మాత్రమే అడక్కండి. మీ ఇంట్లో పండగకు తినేవి, నెలను బట్టి తినేవి, నీరసానికి తినేవి, మీరు తిండి అనుకోనివి కూడా పేరు పేరునా చెప్పి అడగండి. డాక్టరుకు మీ ఆషాఢం తెలియదు.

గురువారం అమ్మ పొయ్యి వెలిగించింది. చిన్న స్టీలు గిన్నె ఒకటి తీసి పెట్టుకుంది. పాలకూర తరిగి అందులో నొక్కకుండా నింపింది, తీసింది, మళ్లీ నింపి చూసింది. నాకు వడ్డించి వంటింటి గుమ్మంలో నిలబడింది. నేను తింటున్నంతసేపూ నా చేతిని కాదు, నా రొమ్మును చూస్తూ ఉంది.

"నాకింకో గంటె," అన్నాడు నాయిన.

"నీకు కొలత లేదు. ఎంతన్న తిను."

ఆయన ఆమె వైపు చూడకుండా అన్నాడు, "మంచిగున్నది."

గుండె గురించి నేర్చుకున్నవాటిలో ఒకటి నన్ను వదలడం లేదు. ఎడమ పంపు ఒళ్లంతటికీ రక్తం పంపుతుంది గానీ, పిండుతున్నప్పుడు దాని సొంత కండకు రక్తం సరిగా అందదు. బిగిసిన కండ తన నాళాలనే నొక్కేస్తుంది. వదులై, తర్వాతి దెబ్బ కోసం నిండుతున్న ఆ కొద్ది సేపులోనే అది తన తిండి తింటుంది. అందరికీ వడ్డించి గుమ్మంలో నిలబడ్డ మనిషిని చూస్తూ ఆ మాట అనుకున్నాను. "నువ్వు కూడా కూసో అమ్మా," అన్నాను. కూర్చుంది. మా పక్కనే, కంచం పెట్టుకుని.

నేను ఇంకా అలసిపోతూనే ఉన్నాను. మెట్రో మెట్ల మధ్యలో ఇంకా ఒకసారి ఆగుతాను, ఫోను చూస్తున్నట్టు నటించడం మాత్రం మానేశాను. ఈ నెల పరీక్షకు అమ్మ కూడా వచ్చింది, రెండున్నర దాటాలి, మూడున్నర దాటొద్దు అని దారంతా అప్పజెప్పుకుంటూ. ఎల్బీనగర్ చౌరస్తా దగ్గర ల్యాబులో రిపోర్టు వచ్చేదాకా ఇద్దరం బల్ల మీద కూర్చున్నాం. బయట బస్సుల మోత. మధ్యలో సిగ్నల్ పడి మోత తగ్గినప్పుడల్లా ఆమె తల కొద్దిగా నా వైపు వంచేది. కౌంటర్లో అమ్మాయి నా పేరు పిలిచి కాగితం ఇచ్చింది. అమ్మ చదవలేదు కాబట్టి పైకి చదివాను.

రెండు పాయింట్ ఎనిమిది.